బాత్రూంలో జారిపడ్డ ఊరు

మా ఊళ్ళో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు బాత్రూం. ఈ మాట నేననడం లేదు, పెద్దాసుపత్రి లెక్కలు అంటున్నాయి. ఇళ్ళకు రంగులు వేసేవాళ్ళు మా ఊళ్ళో పరంజా మీంచి పడరు, బాత్రూంలో పడతారు. లారీ కింద పడుకుని మరమ్మతు చేసే మెకానిక్కు కాలు నలిగితే అది బాత్రూంలోనే నలుగుతుంది. వెల్డింగు చేసేవాడి కళ్ళు మాడిపోయాయా, అతనూ బాత్రూంలో జారిపడ్డట్టే. జారిపడితే కళ్ళెలా మాడతాయని అడిగే తీరిక ఎవరికీ లేదు. అంకె పడింది కదా, చాలు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఈ బాత్రూంని పుట్టించింది మా పిన్ని. దాచుకోదు, ఎవరడిగినా తనే చెబుతుంది. మా అమ్మకు చెల్లెలు. పెద్దాసుపత్రిలో దెబ్బలు తగిలినవాళ్ళను చూసే గది బయట, చీటీలు రాసే కిటికీ వెనక కూర్చుంటుంది. పేరు, వయసు, ఏమైంది అని మూడు ముక్కలు అడిగి, పుస్తకంలో ఎక్కించి, చీటీ చింపి ఇస్తుంది. అది పట్టుకుని లోపలికి వెళితే డాక్టరు చూస్తారు. ఊరంతా ఆవిడను చీటీలమ్మ అంటారు. ఆసుపత్రి గేటుకు ఎదురుగా జిరాక్స్ కొట్టు నాది కాబట్టి నన్ను చీటీలమ్మ గారి అమ్మాయి అనుకునేవాళ్ళూ ఉన్నారు. నిజానికి పిన్ని పెళ్ళే చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "చేసుకున్నవాళ్ళు రోజూ నా కిటికీ దగ్గరికి వస్తూనే ఉన్నారుగా, చూస్తూనే ఉన్నాగా" అనేది.

పిన్నిది పెద్ద నోరు. వరసలో తోసుకునేవాళ్ళకు ఆ నోరంటే హడల్. ఎవరైనా పట్టుకుపోతారని కలాన్ని కిటికీ ఊచకు దారంతో కట్టేసుకుంది. ఆ దారం ఎంత పొట్టిదంటే, ఆవిడ తప్ప ఇంకెవరూ దానితో రాయలేరు. అంత గయ్యాళిదీ ఏడ్చేవాళ్ళ ముందు మాత్రం నోరు పెగల్చలేదు. అదే కొంప ముంచింది.

చాలా ఏళ్ళ కిందట రంగులు వేసే ఒకతను వచ్చాడు. పరంజా కర్ర విరిగి, కిందపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పిన్ని ఉన్నదున్నట్టు రాసింది. పని దగ్గర దెబ్బ అనగానే ఆసుపత్రి వాకిట్లో కూర్చునే కానిస్టేబులు లేచి వచ్చాడు. కాంట్రాక్టరెవరు, నిన్ను ఎక్కమన్నదెవరు, తాగున్నావా, ఏదీ ఊదు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అతను మధ్యాహ్నం దాకా జవాబులు చెబుతూనే ఉన్నాడు. మర్నాడు ఆ కాంట్రాక్టరు అతన్ని పనిలోంచి తీసేశాడు. అతని భార్య వచ్చి కిటికీ ఊచలు పట్టుకుని, "ఇంట్లో జారాడని రాస్తే మీ సొమ్మేం పోయేదమ్మా" అని ఏడ్చింది. ఆ మాట పిన్నికి గట్టిగా గుచ్చుకుంది. ఆ తర్వాత అలాంటివాళ్ళు ఎవరొచ్చినా తనే గొంతు తగ్గించి అందించేది: "బాత్రూంలో జారారని రాయనా?"

బాత్రూమే ఎందుకంటే దానికి ఆవిడ దగ్గర కారణం ఉంది. మెట్లంటే ఎవరింటి మెట్లని అడుగుతారు. రోడ్డంటే ఏ బండి గుద్దిందని అడుగుతారు. బాత్రూంలోకి సాక్షి రాడు. ఊళ్ళో ఆ మాట పాకిపోయింది. కొన్నాళ్ళకు జనం పిన్ని అడక్కముందే "అదే రాసేయండమ్మా, బాత్రూం" అనడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకు యజమానులు తమ మనుషులకు ముందే నేర్పి పంపడం మొదలుపెట్టారు. గాయపడ్డవాళ్ళ కోసమని జాలిపడి తలుపు తెరిస్తే, గాయపరిచినవాళ్ళు దర్జాగా ఆ తలుపులోంచే వెళ్ళిపోయారు.

ఆ పుస్తకంలోని అంకెలు నెలనెలా పై ఆఫీసుకు వెళతాయని పిన్నికి తెలుసు. అక్కడ ఎవరైనా చదువుతారని తెలియదు. చదివారు. ఒకరోజు ఆరోగ్యశాఖ పెద్దసారు వచ్చి, ఆసుపత్రి హాల్లో తెర కట్టించి, రంగురంగుల పట్టికలు చూపించారు. పొట్టి పొట్టి గీతల మధ్య ఒక ఎర్ర గీత పైకప్పును తాకేలా నిలబడి ఉంది. అది బాత్రూం. "ఈ ఊరివాళ్ళకు స్నానం చేయడం ఎవరూ నేర్పలేదా?" అని ఆయన చమత్కరించారు. హాలంతా నవ్వింది. నవ్వనిది ఇద్దరే: పిన్ని, కొత్తగా వచ్చిన చిన్న డాక్టరమ్మ. రోజూ ఆ గాయాలకు కుట్లు వేసేది ఆవిడే.

పిన్ని ఉండబట్టలేక లేచింది. "సార్, ఆ బాత్రూములన్నీ నేను రాసినవండి" అంది.

"చాలా శ్రద్ధగా రాశారమ్మా" అన్నారు పెద్దసారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ ఇంకేదో చెప్పబోతే పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

ఇంటింటికీ జారని రబ్బరు మ్యాటు ఉచితంగా ఇస్తామని ఆయన ప్రకటించారు. వారం తిరిగేసరికి ఊళ్ళో ప్రతి గోడ మీదా కాలు జారుతున్న మనిషి బొమ్మ వెలిసింది. మ్యాట్ల ఆర్డరు ఊరి చివర రబ్బరు షెడ్డుకు వెళ్ళింది. మా నాన్న పనిచేసేది అక్కడే.

ఆ సాయంత్రం పిన్ని నా కొట్టుకొచ్చి స్టూలు మీద కూలబడింది.

"నవ్వావంటే తంతాను" అంది.

"నేనెక్కడ నవ్వాను పిన్నీ."

"పరంజా కర్రలు పుచ్చిపోయినవి పుచ్చినట్టే ఉన్నాయే. బాత్రూములకి రబ్బరు పరుస్తారట. నా వెధవ జాలి తగలెయ్య." మళ్ళీ తనే అంది: "నేను అబద్ధం రాశాననుకున్నాను గానీ, ఆ అబద్ధానికి ఆర్డరు కూడా ఇస్తారనుకోలేదు."

రబ్బరు షెడ్డులో నాన్న నిలబడే యంత్రాన్ని ప్రెస్సు అంటారు. కాగితాలు అచ్చేసేది కాదు. కాలుతున్న రెండు ఇనప పలకల మధ్య రబ్బరు ముద్ద పెడితే, పై పలక దిగి నొక్కుతుంది, మ్యాటు తయారవుతుంది. ముందు ఒక జాలీ తలుపుంటుంది. అది దించితే గానీ పై పలక కదలదు. చెయ్యి లోపలుండగా పలక దిగకుండా దాన్ని తయారుచేసినవాళ్ళు పెట్టిన అడ్డు అది. మ్యాట్ల ఆర్డరు రాగానే, ప్రతిసారీ తలుపు ఎత్తి దించుతుంటే పని తెమలడం లేదని ఓనరు దాన్ని ఇనప తీగతో పైకి కట్టించేశాడు. తలుపు దిగిందని యంత్రం అనుకునేలా స్విచ్చీలో చెక్కముక్క కుక్కించాడు. నాన్న ఒక్క మాటనలేదు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. పిన్ని ఎప్పుడూ ఏడిపించేది, "బావా, నువ్వు మాట్లాడాల్సినవన్నీ మా అక్కకి ఇచ్చేశావా?" అని. ఆయన దానికీ నవ్వి ఊరుకునేవాడు.

ఆ నవ్వే మనిషిని ఒక మధ్యాహ్నం షెడ్డు మేస్త్రీ రిక్షాలో తీసుకొచ్చాడు. కుడిచేతికి పాత చొక్కా చుట్టి ఉంది. కిటికీ దగ్గర పిన్ని తలెత్తింది. అటుపక్క ఉన్నది బావ అని తెలియడానికి ఒక క్షణం పట్టిందట, మొహం అంత పాలిపోయి ఉంది.

"ఏమైంది బావా?"

నాన్న మేస్త్రీ వైపు చూశాడు. "బాత్రూంలో జారిపడ్డానమ్మా" అన్నాడు.

తను అల్లిన మాట. ఎవరెవరికో తన నోటితో నేర్పిన మాట. అది తిరిగి తిరిగి సొంత బావ నోట్లోంచి తన కిటికీలోకి వచ్చింది. పిన్ని చెయ్యి చాచి ఆ చొక్కా విప్పింది. రెండు వేళ్ళు నలిగిపోయి ఉన్నాయి. అరచెయ్యంతా గుండ్రటి కాలిన మచ్చలు, వరసలు వరసలుగా, ఒకదాని పక్కన ఒకటి. ఆ వరసలు ఆ నెల ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ప్రతి ఇంట్లోనూ పరిచిన మ్యాటు మీద ఉన్న బొడిపెలు అవే.

"ఇంత పద్ధతిగా జారావా బావా" అంది పిన్ని.

ముందు చిన్న డాక్టరమ్మను కేకేసి నాన్నను లోపలికి పంపించింది. పుస్తకంలో మాత్రం ఇంకా ఏమీ రాయలేదు. ఈలోగా అమ్మ వచ్చింది. నేను కొట్టు వదిలేసి పరుగెత్తుకొచ్చాను. అమ్మ నన్ను చూడలేదు, పిన్నినే చూస్తోంది.

"రాసెయ్యవే" అంది అమ్మ.

"ఏమని రాయను?"

"అందరికీ రాసినట్టే రాయి. ఖర్చంతా ఓనరే పెట్టుకుంటానన్నాడట. ప్రెస్సు అని రాస్తే రేపటినించి గుమ్మం తొక్కనివ్వడు."

"అక్కా, నీ కళ్ళతో చూశావు ఆ చెయ్యి."

"చూశాను కాబట్టే చెబుతున్నా. ఇంక ఆ చేతికి వేరే పని ఎవరిస్తారే? ఊరందరి మీదా జాలిపడ్డావు, నా దగ్గరికొచ్చేసరికి నీకు ధర్మం గుర్తొచ్చిందా?"

అమ్మ ఊచలు పట్టుకుని ఏడ్చింది. ఏడ్చేవాళ్ళ ముందు పిన్ని నోరు పెగలదని చెప్పాను కదా. రాసింది. కలం అదిమి రాస్తే కాగితం చిరిగింది. నాన్నకు రెండు వేళ్ళు తీసేశారు. పుస్తకంలో మాత్రం ఆయన బాత్రూంలో జారిపడ్డాడు.

అంతటితో అయిపోలేదు. ఓనరు స్వయంగా మా ఇంటికొచ్చాడు. నాన్న భుజం తట్టి, మాట మీద నిలబడ్డ మనిషివన్నాడు. ఆ మంచితనానికి బదులుగా, "మీ అబ్బాయిని పంపించు, నీ చోటు వాడిదే" అన్నాడు. మా తమ్ముడు అప్పటికి పార్సిళ్ళు పంచే పనిలో ఎండనా వాననా తిరిగి విసిగిపోయి ఉన్నాడు. అంతకుముందేడే పెళ్ళయింది. నీడపట్టున పని, నెల జీతం. ఎగిరి గంతేసి వెళ్ళాడు. అదే ప్రెస్సు, అదే తీగ, అదే చెక్కముక్క. బలిపీఠం ఎక్కించి పైగా మాచేత కృతజ్ఞత కూడా చెప్పించుకున్నాడు ఆ పెద్దమనిషి.

పిన్నికి తెలిసిన రోజు మా ఇల్లు ఎగిరిపోయింది.

"ఎక్కడికి పంపావు బావా వాణ్ణి?" అని గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "ఆ తలుపు దించారా?"

నాన్న అమ్మ వైపు చూశాడు.

"వాడు జాగ్రత్తగానే ఉంటాడులే" అంది అమ్మ.

"బావ అజాగ్రత్త మనిషా అక్కా? ఇన్నేళ్ళలో ఒక గ్లాసు జారవిడిచాడా ఈయన?" నాన్న వైపు తిరిగింది. "రేపు కిటికీ దగ్గరికి రా. నిజం చెప్పు. మార్చి రాస్తాను, డాక్టరమ్మ సంతకం పెడతానంది. ఆ పుస్తకంలో ప్రెస్సు అని ఒక్కసారైనా పడితే అడగడానికి మనకొక ఆధారం ఉంటుంది. బాత్రూం అని ఉన్నంతకాలం ఆ తీగ విప్పమని ఎవరం ఏ మొహంతో అడుగుతాం?"

"రాసింది రాసినట్టుండనీ అమ్మా" అన్నాడు నాన్న. "వాడి ఉద్యోగం పోతుంది."

"చెయ్యి పోతే?"

పిన్ని మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

నాన్నను మార్చలేక, ఆవిడ అడిగే పద్ధతి మార్చే పనిలో పడింది. ఆలోచన చిన్న డాక్టరమ్మది. జనం అబద్ధమాడేది పేరు పక్కన నిజం ఉంటుందన్న భయంతో కాబట్టి, పేర్లు లేకుండా ఇంకో కాగితం పెడదామంది. పుస్తకంలో ఇక పేరూ వయసే ఉంటాయి, కారణం ఈ కాగితంలోనే. అది పోలీసుకు వెళ్ళదు, ఓనరుకు తెలియదు. ఎక్కడ, ఏ పని చేస్తుండగా, ఏ వస్తువు వల్ల. అంతే. కట్టు కట్టేదాకా కానిస్టేబులు గది గడప తొక్కకూడదని కూడా ఆవిడ ఖరాఖండిగా చెప్పేసింది. ఆ కాగితం మీద పిన్నికి నమ్మకం కుదరక వాళ్ళిద్దరూ నా కొట్లోనే రెండు రోజులు పోట్లాడుకున్నారు. నేను మధ్యలో కాగితాలు తీస్తూ, తప్పు పడ్డవి చింపుతూ ఉన్నాను.

డాక్టరమ్మ రాసిన కాగితంలో మొదటి ప్రశ్న "ఏమైంది?" అని ఉంది. పిన్ని దాన్ని కొట్టేసింది.

"అలా అడిగితే ఏం చెబుతారో నేను చెప్పనా? చెయ్యి విరిగింది అంటారు. వేలు తెగింది, కాలు కాలింది, కింద పడ్డాను అంటారు. అన్నీ వాటంతటవే అయిపోయినట్టు. విరిచిందేదో, తెంపిందేదో, కాల్చిందేదో ఒక్కడూ అనడు. మన మాటలోనే ఉందమ్మా ఆ సుళువు. నేనూ ఇన్నేళ్ళూ అలాగే అడిగాను, అలాగే రాశాను."

"మరి ఎలా అడుగుదామంటారు?"

"ఏం చేసింది, అని. వేలు తెగింది సరే, తెంపిందేది? దానికి బాత్రూం అని చెప్పమను చూద్దాం. బాత్రూం వేళ్ళు తెంపదు."

ఆ మాటే కాగితం మీదికెక్కింది. మొదట్లో జనం తికమకపడ్డారు. అలవాటుకొద్దీ "బాత్రూం" అనేవాళ్ళు. పిన్ని కలం ఎత్తి, "సరే, ఏం చేసింది?" అనేది. పేరు రాయడం లేదని కాగితం తిప్పి చూపించేది. అప్పుడు నెమ్మదిగా నోళ్ళు విప్పారు. రంపం. పరంజా కర్ర. అడ్డు రేకు పీకేసిన గ్రైండరు. మూతలేని కాలవ. ఊళ్ళో బాత్రూములు ఒక్కసారిగా క్షేమంగా తయారయ్యాయి.

ఇంక మా ఊరి తెలివి చూడండి. ఎర్ర గీత పడిపోయింది కదా, పెద్దసారు అది మ్యాట్ల మహిమ అన్నారు. ఆయనకు పై నుంచి మెచ్చుకోలు వచ్చింది. విజయోత్సవం అని మళ్ళీ అదే హాల్లో సభ పెట్టారు. డాక్టరమ్మ పంపిన కొత్త కాగితాలు ఆయన బల్ల మీద దారం కూడా విప్పకుండా ఉన్నాయని ఆయన గుమాస్తాయే నా కొట్లో చెప్పాడు. సభలో మాట్లాడటానికి ఒక బాధితుడు కావాలన్నారు. పాత పుస్తకం తిరగేసి, నాన్నను ఎంచారు. బాత్రూంలో పడి రెండు వేళ్ళు పోగొట్టుకున్న మనిషి కన్నా గొప్ప బాధితుడు ఇంకెవరు దొరుకుతారు?

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వేదిక మీద కూర్చున్నాడు. ఆయనకు రెండు కుర్చీల అవతల రబ్బరు షెడ్డు ఓనరు. అమ్మా నేనూ ముందు వరసలో. పిన్ని వెనక గోడకు ఆనుకుని నిలబడింది. తమ్ముడు సభకు రాలేదు, వాడికి ఆ పూట పని.

పెద్దసారు మైకు అందుకుని ముందు శుభవార్త చెప్పారు. పక్క ఊళ్ళన్నిటికీ మ్యాట్లు ఇవ్వబోతున్నారట. ఆర్డరు మన షెడ్డుకేనట. "రాత్రింబవళ్ళు పనిచేసి నెలలోగా అందిస్తామని వారు మాట ఇచ్చారు" అన్నారు. ఓనరు లేచి నమస్కారం పెట్టాడు. నేను నాన్న మొహమే చూస్తున్నాను. రాత్రింబవళ్ళు అన్న మాట దగ్గర ఆయన తల పైకి లేచింది.

"ఇప్పుడు మన సోదరుడు తన అనుభవం చెబుతారు. చెప్పండి, ఆ రోజు ఏమైంది?"

నాన్న లేచి ముందుకు వచ్చాడు. ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో పెద్దసారు బహుమతిగా ఇచ్చిన మ్యాటు. ఎంతసేపటికీ నోరు తెరవడు. పెద్దసారు నవ్వుతూ, "భయపడకండి, ఏమైంది?" అని మళ్ళీ అడిగారు.

"అలా అడక్కండి సార్" అని వెనకనుంచి పిన్ని గొంతు వినబడింది. "బావా, ఏం చేసింది?"

నాన్న పిన్ని వైపు చూశాడు. మ్యాటును బల్ల మీద పరిచి, దాని మీద కుడిచెయ్యి తెరిచి పెట్టాడు. మచ్చలూ బొడిపెలూ పక్కపక్కనే ఉన్నాయి.

"దీన్ని చేసే ప్రెస్సు చేసింది" అన్నాడు. "ముందు తలుపు దించితే పని తెమలదని తీగతో కట్టేశారు. నేను బాత్రూంలో పడలేదండి. మా ఇంటి బాత్రూంలో మనిషి పడేంత చోటు కూడా లేదు." కొందరు నవ్వబోయి ఆగిపోయారు. "ఇప్పుడు ఆ ప్రెస్సు దగ్గర మా అబ్బాయి నిలబడ్డాడు. తలుపు ఇంకా కట్టేసే ఉంది. రాత్రింబవళ్ళు అంటున్నారు."

మా నాన్న ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను పుట్టాక వినలేదు.

ఎవరో మైకు ఆపేశారు. పెద్దసారు గడియారం చూసుకుని, ఇంకో మీటింగుందని పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. మా ఊళ్ళో ఇన్నేళ్ళలో నిజంగా జారుకున్నది ఆయనొక్కడే.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, వాటితో ముగించడం నాకిష్టం లేదు. మర్నాడు పేపర్లో "బాత్రూం బాధితుడికి మ్యాటు బహూకరణ" అని ఫొటో వేశారు. షెడ్డుకు తనిఖీ అధికారి వచ్చిన రోజు తలుపు దించారు, ఆయన బండి మలుపు తిరగ్గానే ఎత్తి కట్టారు. కొత్త కాగితాల్లో ఆ ప్రెస్సు ఇంకా పడుతూనే ఉంది. దాన్ని "ఇతరములు" కింద వేయమని పై ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. ఇతరములు అనే యంత్రం మా ఊళ్ళో లేదని పిన్ని జవాబు రాసింది. డాక్టరమ్మ దాని కింద సంతకం పెట్టింది. ఆ పోట్లాట ఇంకా నడుస్తోంది, నడవాలి కూడా.

సభ రోజు నాన్న మాతో ఇంటికి రాలేదు. హాల్లోంచి నేరుగా షెడ్డుకు నడిచాడు. ప్రెస్సు పక్కన నిలబడి తమ్ముడితో, "పద" అన్నాడట. ఆర్డరు మధ్యలో వదిలిపోతే మళ్ళీ రావద్దని మేస్త్రీ అరిచాడు. తమ్ముడు ఒకసారి నాన్న చెయ్యి చూసి, యంత్రం ఆపేసి వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే అందుకుంది. "ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుని వచ్చారా ఇద్దరూ? పెళ్ళాన్ని ఏం పెట్టి పోషిస్తావురా? ఈయనకి మాట్లాడటానికి ఈ రోజే దొరికిందా?" అని తిడుతూనే తమ్ముడి రెండు చేతులూ పట్టుకుంది. అరచేతులు తిప్పి చూసింది. ఒక్కో వేలూ ముడిచి, తెరిచి చూసింది. పిన్ని అక్కడే నిలబడింది కానీ ఆవిడ నోరు పెగల్లేదు. అమ్మకు తిట్లు అయిపోయాయి. వాడి చేతులు మాత్రం వదల్లేదు.